బూడిదయ్య ముప్పై మూడో కథ

మామిడితోట మధ్యలో ఒక పశువుల పాక. పాక వెనక గడ్డివామి, వామి అవతల కోళ్ళగూడు, తోట చుట్టూ ముళ్ళకంచె. మధ్యాహ్నం ఇంటివాళ్ళు భోంచేసి నడుం వాల్చగానే జంతువులన్నీ పాక నీడలో చేరేవి. అక్కడ బూడిదయ్య కథ చెప్పేవాడు.

బూడిదయ్య ఒక ముసలి గండుపిల్లి. వేట మానేసి చాలా కాలమైంది. ఎలకలు అతని ముందునుంచే తాపీగా నడిచిపోయేవి, కొన్నయితే పలకరించేవి కూడా. కథల్లో మాత్రం అతనికి తిరుగులేదని అతని నమ్మకం. అన్ని కథల్లోనూ సితార అనే ఆడపిల్లి ఉంటుంది. ఊళ్ళో ఏదో ఒకటి పోతుంది. సితార వాసన చూస్తుంది, ఆలోచిస్తుంది, మధ్యలో గిన్నెడు పెరుగు తింటుంది, చివరికి దొంగను పట్టేస్తుంది. ఎవరూ చావరు, ఎవరూ పెద్దగా ఏడవరు. వింటుంటే కమ్మగా నిద్ర పడుతుందని గేదె మహాలచ్చి ఒకసారి అంది. బూడిదయ్య దాన్ని మెప్పు కిందే జమకట్టుకున్నాడు.

అలా ముప్పై రెండు కథలయ్యాయి. మొదట్లో అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. రానురాను ఒక్కొక్కరికీ ఒక్కో అభిప్రాయం పుట్టుకొచ్చింది. పెరుగు తినే ఘట్టం మరీ సాగుతోందని మహాలచ్చి అంది. దొంగ ఎవరో మొదట్లోనే తెలిసిపోతోందని, ఊరికి కొత్తగా ఎవరొస్తే వాళ్ళే దొంగ అవుతున్నారని కుక్క వీరన్న గొణిగాడు. ఇన్ని కథలయినా సితారకు ఒక్క మీసం కూడా ఎందుకు నెరవలేదని కోడిపెట్ట చుక్కలమ్మ అడిగింది. ఇన్ని వంకలు పెట్టినవాళ్ళు మర్నాడు మానేశారా అంటే అదీ లేదు. అందరికంటే ముందొచ్చి మంచి చోటు చూసుకుని కూర్చునేవాళ్ళు.

వంక పెట్టనివాడు ఒక్కడే, నక్క జంబయ్య. అతను కంచె అవతల పొదలో కూర్చుని వినేవాడు. మొదటిరోజు వీరన్న తరమబోతే బూడిదయ్యే అడ్డుపడ్డాడు. కథంటే అంత ఇష్టమున్నవాడు చెడ్డవాడెలా అవుతాడని వాదించాడు. జంబయ్య రోజూ మొదట్లో ఒకసారి "ఎత్తుగడ అద్భుతం గురువుగారూ" అనేవాడు, కథ అయిపోయాక "ముగింపు మహాద్భుతం, రేపు ఇంకాస్త పొడుగ్గా చెప్పండి" అనేవాడు. ఆ మాట కోసమే బూడిదయ్య రోజూ కాస్త సాగదీసేవాడు. గురువుగారూ అన్న పిలుపు విన్నాక అతనికి ఆ పూట పాలు కూడా అక్కర్లేకపోయేది.

ఇలా ఉండగా చుక్కలమ్మ పొదగడానికి కూర్చుంది. పదకొండు గుడ్లు. రోజుకోసారి మేతకు లేచినప్పుడు కాస్సేపు కథ దగ్గర ఆగేది. ఒకరోజు తిరిగి వెళ్ళి చూసుకుంటే గూట్లో ఏడే ఉన్నాయి. అంతకుముందు ఎప్పుడు పోయాయో, ఒక్కొక్కటే పోయాయో, ఆమెకు తెలియలేదు. పోయినేడు పొదిగిన పిల్లల్ని గద్ద తన్నుకుపోయింది. ఈసారైనా పిల్లల్ని కళ్ళారా చూసుకోవాలని ఆమె ఆశ. మర్నాడు పొద్దున్నే రెక్కలు వేలాడేసుకుని బూడిదయ్య దగ్గరికొచ్చింది.

"బూడిదన్నా, ముప్పై రెండు దొంగతనాలు తేల్చావు. నాది ఒక్కటి తేల్చు" అంది.

తేల్చింది సితార అని, తాను కాదని బూడిదయ్యకు ఆ క్షణంలో తట్టలేదు. గూడు దగ్గరికి వెళ్ళి వాసన చూశాడు. జలుబు వల్ల ఏమీ తెలియలేదు. అయినా గంభీరంగా తలాడించి, తోటలోకి కొత్తగా ఎవరొచ్చారని అడిగాడు. పది రోజుల కిందట సింహాద్రి అనే ముంగిస వచ్చి కట్టెలమోపు కింద ఉంటున్నాడు. ముంగిసలు గుడ్లు తింటాయన్నది అందరికీ తెలిసిందే. ఇంకేముంది, దొంగ దొరికాడన్నాడు బూడిదయ్య. విచారణ మొత్తానికి పట్టిన సమయం సితార పెరుగు తినడానికి పట్టే సమయంలో సగం కూడా లేదు.

సింహాద్రి పారిపోలేదు, అరవలేదు. "గుడ్లు పోయింది కథ చెప్పే వేళలో కదా బాబాయ్. నేను రోజూ మొదటినుంచి చివరిదాకా వింటూనే ఉన్నాను. నిన్నటి కథలో పాలగిన్నె మూడుసార్లు ఒలికింది, ఒక్కసారి కూడా ఎవరూ తుడవలేదు" అన్నాడు.

పాలగిన్నె సంగతి నిజమే. అందుకే బూడిదయ్యకు ఒళ్ళు మండింది. దొంగతనం చేసిందే కాక తన కథకు వంకలు కూడానా అనుకున్నాడు. రేపు పొద్దుగూకేలోగా తోట ఖాళీ చెయ్యమని వీరన్న చేత చెప్పించాడు.

ఆ మధ్యాహ్నం ముప్పై మూడో కథకు కూర్చున్నాడు కానీ మనసులో కోపం పోలేదు. వీళ్ళకు సితార విలువ తెలియాలి అనుకున్నాడు. కథ సగానికి రాగానే ఆమెను బావిలో పడేసి చంపేశాడు. మహాలచ్చి నెమరు ఆపేసింది. వీరన్న లేచి నిలబడి, వెంటనే బయటికి తియ్యమన్నాడు. వీరన్న చూపు చూసి బూడిదయ్య ఒకడుగు వెనక్కి జరిగాడు. సితారకు ఒక అక్క ఉందని, అచ్చం అలాగే ఉంటుందని, ఆవిడే మిగతా సగంలో దొంగను పట్టిందని గబగబా అల్లేసి ముగించాడు.

తర్వాత ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి ఎలా ఉందని అడిగాడు. అడగకుండా ఉండాల్సింది. ఈ వయసులో బుద్ధి చెడిందని వీరన్న తిట్టాడు. మహాలచ్చి ముఖం తిప్పుకుంది. చివరికి కంచె దగ్గరికి వెళితే జంబయ్య మూతి తుడుచుకుంటూ పొదలోంచి తల బయటపెట్టాడు.

"మీ కథల్లో ఇదే గొప్పది గురువుగారూ. నడిమి భాగంలో సితార గోడమీదినుంచి దూకే ఘట్టం చూశారూ, నాకు ఒళ్ళు గగుర్పొడిచింది" అన్నాడు.

బూడిదయ్య తోక నిటారుగా లేచింది. తిన్నగా చుక్కలమ్మ దగ్గరికి వెళ్ళి, కథ అర్థం చేసుకునే మనసున్నవాడు ఈ తోటలో లేడు, తోట బయట ఒక్కడున్నాడు అంటూ ఆ మాట పొల్లుపోకుండా అప్పజెప్పాడు. చుక్కలమ్మ ఆరు గుడ్లమీద కూర్చుని ఉంది. ఆ మధ్యాహ్నం ఇంకొకటి పోయింది.

"అన్నా, నడిమి భాగంలో సితార బావిలో చచ్చి ఉంది కదా. గోడమీదినుంచి ఎవరు దూకారు?" అంది.

అక్క దూకి ఉండొచ్చన్నాడు బూడిదయ్య. అక్క మంచం పట్టిందని నువ్వే చెప్పావు, కూర్చున్నచోటినుంచే దొంగను పట్టిందన్నావు అని చుక్కలమ్మ గుర్తుచేసింది. బహుశా జంబయ్య వేరే కథతో పొరబడ్డాడేమో అన్నాడు. బూడిదయ్య తోక మెల్లగా కిందికి దిగింది. జంబయ్య ఎప్పుడు మెచ్చుకున్నా ఎత్తుగడ, ముగింపే. మధ్యలో పొదలోంచి ఒక్క దగ్గు కూడా వినిపించిన గుర్తు లేదు. రోజూ ఇంకాస్త పొడుగ్గా చెప్పమన్నది ఎందుకో కూడా అప్పుడు అర్థమైంది. నిజం చెప్పాలంటే, ముందు అతనికి బాధ కలిగింది గుడ్ల గురించి కాదు. ముప్పై మూడు కథలకు దొరికిన ఒకే ఒక్క అభిమాని కథ వినలేదన్న సంగతికి. గుడ్లమీద ముడుచుక్కూర్చున్న చుక్కలమ్మను చూశాక గానీ సిగ్గు రాలేదు.

కట్టెలమోపు దగ్గరికి వెళ్ళి సింహాద్రిని క్షమించమన్నాడు. రేపు గూట్లో గడ్డికింద తాను పడుకుంటానన్నాడు ముంగిస.

మర్నాడు మధ్యాహ్నం బూడిదయ్య ముప్పై నాలుగో కథ ఎత్తుకున్నాడు. ఎత్తుగడ అద్భుతమని పొదలోంచి వినిపించింది. ఈసారి అతను మాటలు ఆపకుండానే ఓరకంట పొదను చూస్తూ కూర్చున్నాడు. సితార పెరుగు గిన్నె ముందు కూర్చోగానే ఆకులు కదిలాయి. కాస్సేపటికి కోళ్ళగూట్లోంచి పెద్ద ఊళ వినిపించింది. గుడ్ల కోసం గడ్డిలోకి పెట్టిన ముక్కును సింహాద్రి పళ్ళతో పట్టుకున్నాడు. వామి చాటున కాచుకున్న వీరన్న వెనకనుంచి తోక పట్టాడు. ముందుకూ పోలేక వెనక్కూ రాలేక జంబయ్య ఉన్న నిజమంతా కక్కేశాడు. మొదటి కథ తప్ప మరేదీ పూర్తిగా వినలేదని కూడా అన్నాడు. అది ఎవరూ అడగలేదు. కంచె ముళ్ళకు సగం బొచ్చు వదిలేసి పోయినవాడు మళ్ళీ ఆ తోట వైపు రాలేదు.

చుక్కలమ్మకు ఆరు పిల్లలు లేచాయి. సింహాద్రి తోటలోనే ఉండిపోయాడు. బూడిదయ్య కథ చెబుతూనే ఉన్నాడు. గురువుగారూ అని పిలిచేవాళ్ళు మాత్రం లేరు. ఇప్పుడు పెరుగు ఘట్టం కాస్త తగ్గిందని, అయినా ఇంకా ఎక్కువేనని మహాలచ్చి అభిప్రాయం.

విన్నవాడే వంక పెట్టగలడు, విననివాడికి ప్రతి కథా అద్భుతమే.