నీళ్ళకు కప్పిన దుప్పటి

చెంగల్రాయుడికి వచ్చిన కష్టం ఏమిటంటే, ఇంట్లో ఈత కొట్టేన్ని నీళ్ళున్నాయి గానీ వాటిలో దిగే మనిషి లేడు.

మదనపల్లెలో సోఫాలు, మంచాలు అమ్మే పెద్ద షాపు ఆయనది. ఊరి చివర ఇల్లు కట్టుకునేటప్పుడు, పెరట్లో చిన్న స్విమ్మింగ్ పూల్ ఉంటే ఇంటికి అందమని ఇంజనీరు చెప్పాడు. రాయుడు సరేనన్నాడు. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళందరూ దాని ముందు నిలబడి ఫొటోలు దిగారు. ఆ తర్వాత అందులో దిగినవి ఎండుటాకులే.

ఇప్పుడు దానితో నిజంగా పనిపడింది. భార్య నాగవేణికి రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ అయింది. రోజూ పొద్దున వెచ్చటి నీళ్ళలో నడవాలనీ, ఈ చలికాలమంతా నడవకుండా కూర్చుంటే కాళ్ళు బిగుసుకుపోతాయనీ, ఇక చేతికర్ర వదిలే మాట మరిచిపోవలసిందేననీ డాక్టరమ్మ కచ్చితంగా చెప్పింది. మన ఇంట్లోనే పూల్ ఉంది కదా అని రాయుడు ఉబ్బిపోయాడు. చెయ్యి పట్టుకుని మెట్లు దించాడు. కార్తీకమాసం, మదనపల్లె చలి. నీళ్ళు మోకాళ్ళకు తగలగానే నాగవేణి కెవ్వుమంది.

"ముందు మీరు దిగి చూపించండి" అంది ఒడ్డున కూర్చుని, పళ్ళు టకటకలాడిస్తూ.

రాయుడు కాలి బొటనవేలు ముంచాడు. వెంటనే తీసేసుకున్నాడు. ఆ పూటకు ఇద్దరూ కాఫీ తాగి ఊరుకున్నారు.

మర్నాడే ఆయన నీళ్ళు వేడిచేసే యంత్రాల వేటలో పడ్డాడు. మేడ మీద పలకలు పరిచి ఎండతో కాచేవి ఉన్నాయట. గ్యాసుతో మరిగించేవి ఉన్నాయట. కరెంటు కడ్డీలవి ఉన్నాయట. గాలిలోంచి వేడిని లాగి నీళ్ళకిచ్చే హీట్ పంప్ అని ఇంకొకటి ఉందట. ఒకటి అమ్మేవాడు మిగతావాటి పేరెత్తితేనే నవ్వేవాడు. రాయుడు రోజుకొకటి ఖాయం చేసి, రాత్రి అన్నం తినేలోగా మార్చేసేవాడు. చివరికి రంగురంగుల కాగితాలన్నీ సంచిలో వేసుకుని తాతస్వామి దగ్గరికి బయల్దేరాడు.

తాతస్వామి ఆయన గురువు. హార్స్‌లీ కొండ కింద మూడు రేకుల గదులు, నాలుగు బెండ మొక్కలు, అదే ఆశ్రమం. రాయుడికి ఆ స్వామి అంటే ప్రాణం. ప్రాణంతో పాటు ఒక మూల చిన్న అలక కూడా ఉంది. మిగతా శిష్యులకు స్వామి చెవిలో మంత్రం చెప్పాడు. రాయుడు మొదటిసారి వచ్చినరోజు చలికి వణుకుతుంటే, స్వామి తన భుజం మీది గొర్రెబొచ్చు కంబళి తీసి చేతిలో పెట్టి, "చలికి కప్పుకో నాయనా" అన్నాడు. ఉపదేశం అంతే. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా నవ్వేవాడు.

గురువు ఒంటిమీది కంబళిని కప్పుకోవడమా! రాయుడు దానికి టేకు చెక్కతో అద్దాల బీరువా చేయించాడు. లోపల చిన్న కరెంటు దీపం, చుట్టూ కర్పూరపు ఉండలు. రోజూ దండం పెట్టుకుని, ఆ అద్దం ముందు చలికి ముడుచుకుని కూర్చుని ధ్యానం చేసేవాడు.

"ఈ నాలుగింట్లో ఏది పెట్టించమంటారు స్వామీ?" అని కాగితాలన్నీ నేల మీద పరిచాడు.

స్వామి అప్పుడు బెండకాయలు కోస్తున్నాడు. కత్తి పక్కన పెట్టి శ్రద్ధగా చూశాడు.

"నీకేమనిపిస్తా ఉండాది?"

"మంచుకాలంలో ఎండను నమ్మలేం స్వామీ. గ్యాసు బండ అంటే మీ కోడలికి భయం. కడ్డీలు పెడితే మీటరు గిర్రున తిరుగుతుందంట. ఈ హీట్ పంప్ ఒకటి ఉంది. ఊరికే గాలి పీల్చుకుని అందులో వేడిని నీళ్ళకిస్తుందంట."

"ఇంత చలిగాలిలో కూడా వేడి ఉంటాదా?"

"ఎంత చలిగాలిలోనైనా కొంచెం ఉంటుందంట స్వామీ."

స్వామి ముఖం వెలిగిపోయింది. "మంచి మాట చెప్పినావప్పా. గాలి పీల్చి బతికేదంటే అది మన జాతే. దాన్నే పెట్టించు."

హీట్ పంప్ వచ్చింది. తెల్లగా, బీరువా పడుకోబెట్టినంత ఉంది. పూల్ పక్కన గోడవారగా బిగించారు. బిగించిన మెకానిక్ రెండే మాటలు చెప్పాడు. యంత్రానికి నాలుగు పక్కలా గాలి ఆడాలి. ఇదిగో ఈ నీలం ప్లాస్టిక్ పట్టాను సాయంత్రం పూట నీళ్ళ మీద పరవాలి, దిగేటప్పుడే తియ్యాలి, లేకపోతే పగలు ఎక్కిన వేడి తెల్లారేసరికి ఆకాశం పాలవుతుంది.

రాయుడు రెండూ విన్నాడు. తలకూడా ఊపాడు. కాకపోతే అప్పుడు ఆయన ధ్యాసంతా యంత్రం మీద అంటించివున్న పల్చటి ప్లాస్టిక్ పొరను ఎవరైనా పీకేస్తారేమోనన్న దాని మీదే ఉంది.

ఆయన ఇంటి సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. అమ్మేవాడి ఇల్లు కదా, ఏ వస్తువూ దాని పొర విప్పుకుని ఎరగదు. సోఫాకు షాపులో తొడిగిన ప్లాస్టిక్ అలాగే ఉంది. టీవీ రిమోట్ పాలిథీన్ సంచిలో ఉంటుంది. ఫ్రిజ్‌కు కుచ్చుల గుడ్డ. కారుకు కవరు, ఆ కవరు మాసిపోకుండా దాని మీద నాగవేణి పాత చీర. కొత్త తువ్వాళ్ళు అట్టపెట్టెల్లో, అట్టపెట్టెలు బీరువాలో, బీరువా తాళం రాయుడి జేబులో.

అలాంటి మనిషి ఆ సాయంత్రం పెరట్లో నిలబడి చూశాడు. ఒకవైపు తళతళలాడే కొత్త యంత్రం ఆకాశం కింద దిక్కులేకుండా ఉంది. పైన కరెంటు తీగ మీద కాకులు వరసగా కూర్చుని దానివైపే చూస్తున్నాయి. ఇంకోవైపు దళసరి పట్టా, బుడగలు బుడగలుగా, ముట్టుకుంటే ముద్దొస్తోంది.

"నీళ్ళకు దుప్పటెందుకు? తడిసిపోతాయనా?" అనుకున్నాడు.

పట్టాను నాలుగు మడతలు వేసి యంత్రానికి చుట్టేశాడు. నైలాన్ తాడుతో బిగించి ముడి మీద ముడి వేశాడు. స్విచ్ దగ్గర మాత్రం చెయ్యి దూరేంత సందు వదిలాడు. ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోయాడు.

యంత్రం మూలిగింది. మూలుగుతూ మూలుగుతూ ఆగింది. మళ్ళీ మూలిగింది. నీళ్ళు మాత్రం చల్లగానే ఉన్నాయి. నాగవేణి రోజూ పొద్దున కర్ర పొడుచుకుంటూ వచ్చి, వంగలేక వంగి, వేళ్ళు ముంచి చూసుకుని, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయేది. తిట్టినా బాగుండేదనిపించేది రాయుడికి.

ఒకరోజు ఆమే అంది. "ఇంక వదిలేయండి. కర్ర అలవాటైపోయింది నాకు."

ఆశ్రమంలో వంద మందికి వండి, వడ్డించి, కొంగు బిగించి కొండెక్కిన మనిషి ఆమె. చెప్పులు కూడా వేసుకోకుండా రాయుడు కొండ కింది ఆశ్రమానికి పరుగున బయల్దేరాడు.

"స్వామీ, ఇంకో యంత్రం పెట్టించమంటారా? అయినా తప్పు యంత్రానిది కాదేమో, నాదేనేమో. ఏది చేసినా వెచ్చబడదు. ధ్యానం చేసినా అంతే. అందరికీ మంత్రం ఇచ్చారు. నాకు ఏమిచ్చారు?"

"రేపు మీ ఇంటికి టిఫినుకొస్తా" అన్నాడు స్వామి.

మర్నాడు వచ్చాడు. సోఫాలో కూర్చోగానే ప్లాస్టిక్ కిర్రుమంది. స్వామి మెల్లగా ముందుకు జారాడు. సర్దుకుని వెనక్కి జరిగాడు, మళ్ళీ జారాడు. మూడోసారి ఇక పోరాడకుండా నేల మీదికే దిగి కూర్చున్నాడు. నాగవేణి నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది. దోసెలు, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి తృప్తిగా తిన్నాక రాయుడు ఆయన్ని పూజగదిలోకి తీసుకెళ్ళాడు.

స్వామి అద్దాల బీరువా ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"లోపల దీపం కూడా పెట్టినావే" అన్నాడు.

"మీ ప్రసాదం కదా స్వామీ" అన్నాడు రాయుడు, కళ్ళు చెమర్చగా.

స్వామి పెరట్లోకి నడిచాడు.

అక్కడ నీలం మూట ఒకటి గోడవార మూలుగుతోంది. స్వామి దాని పక్కన గొంతుక్కూర్చుని చెవి ఆనించాడు.

"అమ్మా నాగవేణీ, ఆ కర్ర ఒక్కసారి ఇస్తావా?"

ఆమె గోడను ఆనుకుని కర్ర అందించింది. స్వామి దాని కొసను ముడిలోకి దూర్చి తిప్పాడు. ఒక ముడి వదులైంది. ఇంకోటి. రాయుడు చేతులు నలుపుకున్నాడు.

"స్వామీ, దాని మీద దుమ్ము పడుతుంది."

"పడనీ."

"కాకులు..."

"అవీ పడనీలే." తాడు ఊడొచ్చింది. స్వామి పట్టాను లాగి, ఒక కొస రాయుడి చేతికిచ్చాడు. "నువ్వు ఆ గట్టుకు పో."

రాయుడు ఆ గట్టుకు పోయాడు. స్వామి ఈ గట్టున నిలబడ్డాడు. ఇద్దరూ కలిసి నీళ్ళ మీద పట్టా పరిచారు. అది కొలిచి కోసినట్టు నాలుగు అంచులకూ సరిగ్గా సరిపోయింది. అదే సమయానికి గోడవార యంత్రం గట్టిగా ఊపిరి పీల్చి వదిలింది. దాని ముందున్న ఎండుటాకులు గుప్పున లేచి, పట్టా మీదుగా ఎగిరొచ్చి రాయుడి పంచె మీద పడ్డాయి.

ఆయనకు మెకానిక్ చెప్పిన రెండు మాటలూ అప్పుడు గుర్తొచ్చాయి. నాగవేణి గోడ పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేలా, పొట్ట పట్టుకుని నవ్వింది. ఆపరేషన్ అయ్యాక ఆమె అలా నవ్వడం అదే మొదలు. రాయుడికి సిగ్గుతో ముఖం కందిపోయింది గానీ, ఆ నవ్వు ఆగిపోకూడదని కూడా అనిపించింది.

"ఇంక బయల్దేరతారా స్వామీ?" అని అడిగాడు, తలెత్తకుండా.

"నీళ్ళు కాగినాక పోతా" అన్నాడు స్వామి.

ఉండిపోయాడు. నీళ్ళు నెమ్మదిగా వేడెక్కుతున్నాయి. రాయుడు షాపు నుంచి వచ్చేసరికి ఒకరోజు సోఫా మీది ప్లాస్టిక్ లేదు. నాగవేణి దాని మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. పొర కింద తమ సోఫా ముదురు ఎరుపని రాయుడు ఎప్పుడో మరిచేపోయాడు.

"స్వామి తీసేశారు" అంది ఆమె.

"వీపున చెమట పడతా ఉండె" అన్నాడు స్వామి. రాయుడు గుటక మింగి, పక్కనే కూర్చున్నాడు. మెత్తగా ఉంది.

ఆ వారం చివర, ఎండ ఇంకా గోడ దిగకముందే, నాగవేణి పట్టా అంచు ఎత్తి చెయ్యి పెట్టింది. తీయలేదు. అలాగే ఉంచింది.

"ఏమండీ!" అని కేక వేసింది.

పట్టా చుట్టేశారు. నీళ్ళ మీద సన్నటి ఆవిరి లేచింది. నాగవేణి ఒక్కో మెట్టూ దిగింది. మోకాళ్ళు మునిగాయి, నడుము మునిగింది. కెవ్వుమనలేదు. కర్రను ఒడ్డున పడేసి, చేతులు చాపుకుని నడిచింది. ఆ గోడ దాకా పోయి దాన్ని ముట్టుకుని, ఇటు తిరిగి, "చూస్తున్నారా?" అంది. రాయుడు తల ఊపాడు. ఆమె తనివితీరా నడిచింది. నడుస్తున్నంతసేపూ ఏదో కూనిరాగం తీసింది.

తర్వాత మెట్లెక్కి బయటికి వచ్చింది. కొండ మీంచి గాలి ఒక్కసారిగా కొట్టింది. నీళ్ళు కారుతున్న చీరతో ఆమె గజగజ వణికిపోయింది.

"తువ్వాలు!" అని రాయుడు లోపలికి ఉరికాడు. తువ్వాళ్ళు అట్టపెట్టెల్లో, పెట్టెలు బీరువాలో. జేబు తడుముకున్నాడు. తాళం లేదు. నిన్నటి చొక్కాలో ఉండిపోయినట్టుంది. ఆ చొక్కా, రోజూ వాడే తువ్వాళ్ళతో పాటు, చాకలికి వెళ్ళిపోయింది. పెరట్లోంచి ఆమె పళ్ళు టకటకలాడటం వినిపిస్తోంది. ఈ ఇంట్లో ప్రతి వస్తువుకూ కప్పుకోవడానికి ఒకటుంది, ఈమెకు తప్ప. అది తట్టగానే ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

పూజగది ముందు కాళ్ళు ఆగిపోయాయి.

అద్దాల తలుపు తెరిచాడు. కర్పూరం వాసన గుప్పుమంది. కంబళి బరువుగా, గరుకుగా ఉంది. ఒక మూల పురుగు చిన్న చిల్లి పెట్టింది కూడా. దండం పెట్టుకోవడం మరిచిపోయి, దాన్ని గుండెకు అదుముకుని పరిగెత్తాడు. ఆమె తడి భుజాల చుట్టూ కప్పాడు. మెడ దగ్గర అంచులు లాగి, రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. నీళ్ళు కంబళిలోకి ఇంకి, చుక్కలు చుక్కలుగా ఆయన పాదాల మీద పడుతున్నాయి. ఆమె వణుకు నెమ్మదిగా తగ్గింది.

అప్పుడు తలెత్తి చూస్తే, ఎదుటి గట్టు మీద తాతస్వామి ఉన్నాడు. రాయుడు కంబళి తడిసిపోయిందని చెప్పబోయాడు. చెప్పలేదు.

స్వామి వంగి, నాగవేణి పడేసిన కర్ర తీసుకున్నాడు. ఆశ్రమంలో చిక్కుడు తీగకు పనికొస్తుందన్నట్టు చేత్తో కొలిచి, చంకలో పెట్టుకున్నాడు.

"ఎన్నో ఏండ్ల కింద ఇచ్చినాను నాయనా" అన్నాడు. "ఈ పొద్దు పుచ్చుకున్నావు."