బీబమ్మ వాటా

సుధీంద్రకి కంటి నిండా నిద్ర పట్టి చాలా రోజులైంది. ఆ గురువారం పొద్దున్నే గుట్ట కింద దర్గాకి వెళ్ళి, అక్కడుండే మస్తాన్ తాత ముందు కూర్చున్నాడు.

"ఏదైనా ధ్యానం నేర్పు తాతా. మనసు నిలవడం లేదు."

"ఏం చేశావు బేటా?" అన్నాడు తాత. ఏమైందని అడగలేదు, చూడండి.

సుధీంద్ర జరిగిందంతా చెప్పాడు. అతనొక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్. వాళ్ళకో ఆచారం ఉంది. టీమంతా ఎంత ఒళ్ళు వంచి పనిచేసినా సరే, ఏడాది చివర రేటింగులిచ్చేటప్పుడు ఎవరో ఒకర్ని అడుగున పెట్టి తీరాలి. ఏ మహానుభావుడు పుట్టించాడో గానీ! ఈసారి సుధీంద్ర హిమజని పెట్టాడు. టీమ్‌కి పేరు తెచ్చిన ప్రోగ్రామ్ రాసింది ఆమే. కానీ ప్రసవానికి సెలవులో ఉంది. మిగతావాళ్ళు రోజూ ఎదురుగా కూర్చునేవాళ్ళు, అడిగేవాళ్ళు, అలిగేవాళ్ళు. మీటింగులో సుధీంద్ర "ఆమె ఇక్కడ లేదు కదా" అన్నాడు. ఆ రేటింగు వల్ల నెల తిరక్కుండా ఆమె ఉద్యోగం పోయింది.

"తిట్టిందా?"

"లేదు తాతా. పర్లేదు సుధీంద్రా, నీ ఇబ్బంది నాకు తెలుసు అని మెసేజ్ పెట్టింది. క్షమించినట్టే కదా?"

"వెళ్ళి కలిశావా?"

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

తాత ఇంక ఆ ఊసెత్తలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ గరిటె అతని చేతికిచ్చి, "ఇవాళ అందరికీ నువ్వే పెట్టు" అన్నాడు.

వేడి వేడి కిచిడీ. వరుసలో కూర్చున్నవాళ్ళకి సుధీంద్ర కొసరి కొసరి వడ్డించాడు. ఇంకాస్త వెయ్యి బాబూ అన్నవాళ్ళని కాదనలేకపోయాడు. గిన్నె ఖాళీ అయింది, పళ్ళేలూ ఖాళీ అయ్యాయి. అప్పుడు బీబమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. పొద్దుట్నుంచీ పొయ్యి దగ్గర నిలబడి ఆ కిచిడీ వండింది ఆమే.

"ఆమెకేదీ?" అన్నాడు తాత.

"వడ్డించేటప్పుడు ఆమె ఇక్కడ లేదు కదా..."

ఆ మాట తన చెవినే పడి సుధీంద్ర ఆగిపోయాడు. సిగ్గుతో చచ్చిపోయాడు పాపం.

"పర్లేదు బాబూ, నాకలవాటే" అని నవ్వేసి, బీబమ్మ లోటాడు నీళ్ళు తాగి లోపలికి వెళ్ళిపోయింది.

"పర్లేదనడం ఆమె మర్యాద" అన్నాడు తాత. "దాంతో ఆమె కడుపు నిండదు. పొయ్యి అక్కడుంది."

కట్టెల పొయ్యి రాజేయడం సుధీంద్రకి చేతకాదు. ఊది ఊది, పొగకి కళ్ళు మండి, ఏడుపొచ్చి, ఎలాగో ఒక మనిషికి సరిపడా అన్నం వండాడు. కాస్త అడుగంటింది కూడా. తీసుకెళ్ళేసరికి బీబమ్మ చాప మీద ఒత్తిగిలి నిద్రపోతోంది.

"లేపనా తాతా?"

"వద్దు. ఆకలి ఆమెది, తొందర నీది."

"మరి ఈ అన్నం?"

"మూత పెట్టి కూర్చో. తినాలో వద్దో లేచాక ఆమె చెబుతుంది."

సుధీంద్ర గిన్నె మీద మూత పెట్టి, గుమ్మం పక్కన నేల మీద కూర్చున్నాడు.