గట్టు మీద చెయ్యి

ఆ ఏడు గట్టుకి బురద మెత్తనంటే మెత్తనని మొండికేశాడు మింగ్‌షు.

చైనా దేశంలో దక్షిణాన పెద్ద కొండలున్నాయి. ఆ కొండల్ని మెట్లు మెట్లుగా తొలిచి వరి పండించుకుంటారు అక్కడి వాళ్లు. పైన అడవి. అడవి కింద చిన్న బౌద్ధ మఠం. మఠం కింద మడులు. అడవిలో ఊరిన నీళ్లు ముందు మఠం వాళ్ల మడిలోకి వస్తాయి. అది నిండితేనే తూములోంచి కింద మడికి, అక్కణ్ణించి ఇంకా కిందకి దిగుతాయి.

కోతలయ్యాక కూడా మడుల్ని ఎండనివ్వరు వాళ్లు. ఎండితే నెర్రెలిస్తాయి. నెర్రెలిచ్చిన మడి వానల్లో జారిపోతుంది. ఒకటి జారిందా, కిందవన్నీ దానితోనే.

అందుకని ఏటా చలికాలం రాగానే మడిలో బురద తీసి గట్లకి పట్టిస్తారు. పారతో కాదు, అరచేత్తోనే.

మింగ్‌షు మఠంలో చేరి ఎక్కువ కాలం కాలేదు. చదువుకున్నవాడు, మెత్తని మనసు. ఆ చలికాలం మఠం మడి పక్కనే పారే వాగు వైపు గట్టు మీద గడ్డి పీకుతుంటే, పాత మట్టి పెళ్ల ఒకటి రొట్టె పొరలాగా ఊడొచ్చింది. దాని కింద చెయ్యి గుర్తు. ఐదు వేళ్లూ తెలుస్తున్నాయి. చిన్న చెయ్యి, చిటికెన వేలు కాస్త వంకర. ఆడమనిషిదే అయ్యుంటుంది.

అతను అక్కడే కూలబడ్డాడు. ఎప్పటి తల్లో ఏమో. ఈ చెయ్యి పడకపోతే ఈ మడి లేదు. మడి లేకపోతే తను పొద్దున తిన్న అన్నం లేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఇంక దాని మీద బురద ఎలా వేస్తాడు? చుట్టూ ఉన్న మట్టిని గోళ్లతో గీకి, చెయ్యి బాగా కనపడేట్టు చేశాడు. వెదురు కర్రలు పాతి, పైన గడ్డి కప్పాడు. రోజూ పొద్దున్నే గిన్నెలో టీ పోసి దాని ముందు పెట్టేవాడు. ఆ మాట ఊళ్లోకి పోయింది. జనం వచ్చి దణ్ణం పెట్టుకుని పోయేవాళ్లు. కొందరైతే తమ చిటికెన వేళ్లు చూసుకుని, "మా నాయనమ్మ వైపు వాళ్లదే, సందేహం లేదు" అనేవాళ్లు.

గురువు హుయ్‌జింగ్ కూడా వచ్చి చూశారు. "నీకు దణ్ణం పెట్టాలనిపించింది. మంచిదే" అని వెళ్లిపోయారు.

మింగ్‌షు పొంగిపోయాడు.

కొన్నాళ్లకి ఆ చెయ్యి చెమర్చడం మొదలుపెట్టింది. వేళ్ల సందుల్లో సన్నగా తడి. ఆ తల్లి మన దణ్ణాలు అందుకుంటోంది అన్నారు జనం. మింగ్‌షుకి కూడా అలాగే అనిపించింది.

కింద మడి మావ్ అవ్వది. ఒంటరి మనిషి. ఒక పొద్దున ఆవిడ మెట్లెక్కి వచ్చింది. ఆవిడ కాళ్లకి బురద లేదు. చలికాలంలో మావ్ అవ్వ కాళ్లు పొడిగా ఉండటం ఎవరూ ఎరగరు.

"సామీ, ఆ చెయ్యిగారికి పొద్దున్నే టీ అందుతోంది గానీ, నా మడికి నీళ్లందట్లేదు."

"అట్లా అనకవ్వా. చూడు, చెయ్యి ఎలా చెమరుస్తోందో. అందరూ మహిమ అంటున్నారు."

అవ్వ వంగి ఆ తడిని వేలితో తీసి, వాసన చూసింది.

"మహిమా లేదు, నా మొహమూ లేదు. మడి నీళ్లు. లోపల తొలుచుకుని వాగులోకి పోతున్నాయి. నా మడి నెర్రెలిచ్చింది నాయనా, వేలు దూరుతోంది. వానలొస్తే నిలవదు. నాకున్నది అదొక్కటే."

మింగ్‌షు మొహం పాలిపోయింది.

"ఇప్పుడే మెత్తేస్తానవ్వా. చుట్టూతా మెత్తుతాను. ఈ చెయ్యి మాత్రం వదిలేస్తాను."

"చిల్లు దాని వెనకే ఉంది సామీ."

అతను పరుగున పోయి గురువుగారిని పిల్చుకొచ్చాడు. ఆయనైతే ఏదో ఒక దారి చెప్తారని ఆశ.

గురువు గట్టు ముందు నిలబడి దణ్ణం పెట్టారు. చల్లారిన టీ తీసి తాగేశారు. వెదురు కర్రలు పీకి పక్కన పెట్టారు. బట్ట పైకి దోపుకుని ఆ చలి నీళ్లలోకి దిగి, దోసెడు బురద ఎత్తారు.

"ఆగండి గురువుగారూ! మనకి అన్నం పెట్టిన చెయ్యి అది. పూడ్చేస్తే మళ్లీ కనపడదు."

గురువు ఆగారు. బురద వేళ్లలోంచి కారుతోంది.

"ఆ తల్లి చెయ్యి కింద ఎవరి చెయ్యి ఉందంటావు?"

మింగ్‌షు గట్టు వంక చూశాడు. ఏటా పూత మీద పూత పడి అంత లావైన గట్టు.

గురువు బురద అతని చేతుల్లో పెట్టారు.

మింగ్‌షు మోకాళ్ల మీద కూచుని, బురదతోనే ఆ చేతి మీద తన చెయ్యి పెట్టాడు. వేళ్లు ఆ వేళ్లల్లో కూచున్నాయి. బురద చల్లగా ఉంది. అరచేతి కింద, లోపలెక్కడో, నీళ్లు కదులుతున్నట్టు తెలిసింది. అక్కడ గట్టిగా అదిమాడు. ఇంకొంత తీసి అదిమాడు. అది పట్టేదాకా చెయ్యి తియ్యలేదు.

గురువు మడి లోపలి వైపు దిగి, అటునుంచి చిల్లు పూడ్చారు.

పొద్దు వాలుతుండగా తూములో నీళ్లు పడ్డ చప్పుడు వినిపించింది. మావ్ అవ్వ కిందకి దిగి, తన మడి నెర్రెల్లోకి నీళ్లు దిగడం చూసి, మళ్లీ పైకొచ్చింది. ఈసారి మోకాళ్లదాకా బురద.

"ఒక్క పూత చాలదు సామీ. తడి ఆరకముందే రెండోది పడాలి. జరుగు."

ఎదురుగా మెత్తని బురదలో మింగ్‌షు చెయ్యి అచ్చు పడి ఉంది. ఐదు వేళ్లూ తెలుస్తున్నాయి. అవ్వ చెయ్యి దాని మీదకి పోయి, ఆగింది.

"ఏం సామీ, ఉంచమంటావా?" అని ఓరగా చూసింది.

మింగ్‌షు వంగి దోసెడు బురద ఎత్తి, రెండు చేతులతో ఆవిడకి అందించాడు.