చేట బరువు

వీరసింగరాజు పక్క రాజ్యం మీద అలిగి, లోయ మీది వంతెన కూల్పించి పన్నెండేళ్లయింది. లోయ అవతలి ఊరే బుట్టలల్లే పోలమ్మ పుట్టిల్లు. సాయంత్రం అక్కడ పొయ్యిల పొగ లేస్తే, అందులో అమ్మ పొయ్యి ఏదా అని వెతుక్కునేది.

చూసి చూసి, చివరికి వెదురుబద్దలు చీల్చి, నూనె పట్టించిన గుడ్డ బిగించి, గాల్లో లోయ దాటేందుకు రెక్కల బండి కట్టడం మొదలెట్టింది. అక్కర్లేని ప్రతి బద్దా తీసేస్తూ, ఒక్క మనిషిని మోసేంత తేలిగ్గా చేసింది.

సంగతి తెలిసి రాజు మేళతాళాలతో లోయ అంచుకొచ్చాడు.

"ముందు నేనే ఎక్కుతాను," అన్నాడు.

"ఎక్కండి దొరా. కానీ ఇది నా బరువుకు కట్టింది. కిరీటం, కత్తి, నగలు, పట్టుబట్టలు తీసేస్తే లేస్తుందేమో."

రాజు కిరీటం మీద చెయ్యి వేశాడు.

"దిగేది మాత్రం పగవాళ్ల పొలంలో. గోచీతో దిగి నేను రాజునంటే అక్కడెవరు నమ్ముతారు దొరా?"

రాజు చెయ్యి అక్కడే ఆగిపోయింది. "మరి ఎవరెక్కాలి?"

"ఎవరూ గుర్తుపట్టకపోయినా నష్టం లేనివాళ్లు."

"అలాంటివాళ్లెక్కడ దొరుకుతారు?"

"వంతెన కట్టించమని పన్నెండేళ్లుగా మీ కోట వాకిట్లో నిలబడి అడుగుతున్నాను. నన్నెప్పుడైనా చూసినట్టు గుర్తుందా దొరా?"

రాజు ఆమె ముఖంలోకి చూశాడు. గుర్తు రాలేదు. ఎక్కమన్నట్టు పక్కకు జరిగాడు.

పోలమ్మ చెప్పులు విడిచింది. కొత్త చేట ఒకటి వీపుకు కట్టుకుంది.

"అది బరువు కాదా?" అన్నాడు రాజు.

"మా అమ్మకు దొరా. దీన్ని తీసుకెళ్లాలనే ఏడాదిగా రాత్రిపూట అన్నం మానేశాను," అని పోలమ్మ రెక్కల బండి ఎత్తి పట్టుకుని, లోయ అంచుకేసి గాలికెదురు పరుగెత్తింది.