బియ్యపు గింజంత పక్కకు

అనగనగా, ఎటు చూసినా చెరుకు తోటలే ఉన్న ఒక రాజ్యం. అక్కడ సిద్ధాచారి అనే వడ్రంగి ఉండేవాడు. పళ్ళచక్రాలు చెక్కడంలో అతనికి సాటి లేరు. ఆ సంగతి ఊరివాళ్ళకంటే ముందు అతనే చెప్పేవాడు.

ఒకసారి రాజుగారు అతనిచేత పెద్ద చెరుకు గానుగ చేయించారు. అది చక్కగా ఆడితే ఆస్థాన వడ్రంగి పదవి ఇస్తానని మాటిచ్చారు. ఎద్దు తిరిగితే పెద్ద చక్రం తిరగాలి, దాని పళ్ళు చిన్న చక్రాన్ని తిప్పాలి, చెరుకు నలగాలి. తీరా రాజుగారి ఎదుట ఎద్దును కడితే, ప్రతి చుట్టులోనూ ఒకచోట గానుగ బిగుసుకుపోయింది.

గానుగంటే బెల్లం తినడం వరకే తెలిసిన దివానుగారు ముందుకొచ్చారు.

"ఆముదం పొయ్యండి!" అన్నారు. పోశారు. గానుగ ఆగింది.

"పళ్ళు అరగదీయండి!" అన్నారు. అరగదీశారు. చక్రం ఒకపక్క లొడలొడలాడింది, ఇంకోపక్క మళ్ళీ ఆగింది.

"అయితే ఈ ఎద్దే సోమరిది! అడవిలో పులులకు వదిలెయ్యండి!" అన్నారు మూడోసారి.

ఎద్దు వడ్రంగి వైపు చూసింది. "ఆచారిగారూ, సోమరినైతే ఎక్కడపడితే అక్కడ ఆగాలి కదా? ప్రతిసారీ ఆ ఒక్కచోటే ఎందుకు ఆగుతాను?"

నిజమే! సిద్ధాచారి కుంకుమ తడిపి చిన్న చక్రం పళ్ళకు పూశాడు. ఎద్దును బలంకొద్దీ ఒక్క చుట్టు తిరగమన్నాడు. పెద్ద చక్రానికి ఒకపక్క పళ్ళ మీద కుంకుమ దట్టంగా అంటింది. ఎదురుపక్క పళ్ళకు అంటనే లేదు.

అతనికి అసలు సంగతి తెలిసిపోయింది. పెద్ద చక్రంలో ఇరుసు దూర్చే రంధ్రం నట్టనడుమ లేదు! చక్రం చేసిన రోజు ముహూర్తం మించిపోతోందని, దారంతో రెండోసారి కొలవకుండానే తొలిచేశాడు. నోరు మూసుకుంటే తప్పు ఎద్దు మీదికి పోతుంది, తర్వాత గుట్టుగా చక్రం మార్చేస్తే పదవీ దక్కుతుంది. నోరు విప్పితే పరువు పోతుంది. కానీ పాపం, ఎద్దు ప్రాణమో?

"తప్పు ఎద్దుది కాదు మహారాజా, నాది. రంధ్రం పక్కకు పోయింది" అన్నాడు.

"ఎంత?" అన్నారు రాజుగారు.

"బియ్యపు గింజంత."

దివానుగారు పకపకా నవ్వారు.

"నవ్వకండి దివానుగారూ. నడుమ కుదరనప్పుడు పళ్ళు ఎంత బాగా చెక్కినా లాభం లేదు" అన్నాడు సిద్ధాచారి.

వారం రోజుల్లో కొత్త చక్రం చేశాడు. ఈసారి మూడుసార్లు కొలిచాకే తొలిచాడు. ఎద్దు తిరిగింది. గానుగ ఎక్కడా ఆగలేదు. రసం ధారగా కారింది.

రాజుగారు సంతోషించి, "చక్రాలు చేసేవాళ్ళు నా రాజ్యంలో చాలామంది ఉన్నారు. తన చక్రాన్ని తానే తప్పుపట్టినవాణ్ణి మాత్రం నిన్నే చూశాను. ఆస్థాన వడ్రంగివి నువ్వే. ఇకమీదట నువ్వు చూసి సరేనన్నాకే ఏ గానుగైనా ఆడాలి" అన్నారు.

కాబట్టి పిల్లలూ, గింజంతే కదా అని దాచిన తప్పు చుట్టుచుట్టుకూ అడ్డుపడుతుంది. దాన్ని ఒప్పుకుని సరిచేసుకున్నవాడి పనే సాఫీగా సాగుతుంది.