సింగారమ్మ జున్నుకొండ

తేనెకొండ అడవిలో విందంటే మన విందులా ఉండదు. అరిటాకులేసి, వరసగా కూర్చోబెట్టి, పప్పు దగ్గర్నుంచి పెరుగు దాకా వడ్డించే ఓపిక అక్కడ ఎవరికీ లేదు. ఎన్ని రకాలున్నా అన్నీ ఒకే పెద్ద వెదురు తట్టలో పెట్టాలి. ఊరికే పోసెయ్యడం కాదు, చూడ్డానికి బొమ్మలా కట్టాలి. దాన్ని వాళ్ళు తట్ట కట్టడం అంటారు. జున్నూ, ఎండు మాంసం, ఎండు చేపలూ అందులో ముఖ్యమైన సరుకు. ఆ మాంసం ఎవరిదని మాత్రం అడక్కండి. అడవిలో అలా అడగడం మర్యాద కాదు.

ఈ పనిలో ముంగిస సింగారమ్మని మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. మనిషి చూడ్డానికి, అదే, ముంగిస చూడ్డానికి గుప్పెడే గానీ నోరు మాత్రం పెద్దది. తట్ట కడుతున్నప్పుడు పక్కన ఎవరు తుమ్మినా ఊరుకోదు. జున్నుని గోటితో గీరి నెమలి ఈకలు తీర్చేది. ఎండు మాంసాన్ని సన్నగా చీల్చి మోదుగుపూలు చేసేది. అంతా అయ్యాక నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, తల పక్కకి వాల్చి చూసి, "ఏదో ఉందిలే" అనేది. అలా అందంటే అది అద్భుతంగా ఉన్నట్టు లెక్క.

అంత పనిమంతురాలికి ఉండడానికి సరైన ఇల్లు లేదు. వాగు పక్కన బొరియలో ముగ్గురు పిల్లల్ని పెట్టుకుని కాలం గడుపుతోంది. కిందటేడు వానలకి వాగు పొంగి బొరియలోకి నీళ్ళొచ్చేశాయి. ఒక్కొక్క పిల్లనీ మెడ దగ్గర నోట కరుచుకుని గట్టు మీదకి చేర్చింది. మూడోదాని కోసం వెళ్ళేసరికి అది నీళ్ళలో తేలుతోంది. ఎలాగో బతికింది గానీ, ఆ రోజు నుంచి ఆకాశంలో మబ్బు కనిపిస్తే సింగారమ్మకి అన్నం సయించదు.

అలాంటి సమయంలో ఎలుగుబంటి అప్పలస్వామి తాత చాటింపు వేసుకుంటూ వచ్చాడు.

"చిరుత రంగనాయకమ్మగారి అబ్బాయికి శుక్రవారం అన్నప్రాశన. అందరి కంటే మంచి తట్ట కట్టి తెచ్చినవాళ్ళకి జలపాతం పైనున్న రాతిగుహ రాసిచ్చేస్తారట."

ఆ గుహలోకి ఎంత వానొచ్చినా చుక్క నీరు దిగదు. వానలు మొదలయ్యే మృగశిర కార్తెకి ఇంకా వారమే ఉంది.

వెంటనే సింగారమ్మ గేదె మాణిక్యం దగ్గరికి పరిగెత్తింది. మాణిక్యం ఆ ముందు రోజే ఈనింది. దూడ చుట్టూ పాములు తిరక్కుండా సింగారమ్మే కాపలా కాస్తోంది.

"వదినా, ముర్రుపాలు కావాలి."

"నా దూడ తాగగా మిగిలింది అంతా నీదే వదినా. తొలి పాలు, జున్ను రాయిలా నిలబడుతుంది. కానీ తట్ట మోసుకొచ్చి పెట్టమని మాత్రం అడక్కు. చిరుత గుమ్మం ముందుకి చంటిబిడ్డ తల్లిని నేను రాను."

"రావొద్దులే. పాలివ్వు చాలు."

బెల్లం, మిరియాలు, యాలకులు వేసి రెండు రోజులు విడతలు విడతలుగా జున్ను వండింది. మూడో రోజు పొద్దుటికల్లా తట్టలో తేనెకొండే లేచింది. జున్నుతో కొండ, ఎండు మాంసం చీలికలు మెలితిప్పి దాని మీద చెట్లు, తళతళలాడే ఎండు చేపలు ఒకదాని కింద ఒకటి పేర్చి జలపాతం. కొండ కొమ్మున పడుకున్న తల్లి చిరుత, దాని పొట్టకి ఆనుకుని బిడ్డ. వాటి ఒంటి మీద మచ్చలన్నీ మిరియాలే. ఒక్కొక్కటీ చూసుకుని గుచ్చింది. నాలుగడుగులు వెనక్కి వెళ్ళి చూసింది గానీ, ఈసారి "ఏదో ఉందిలే" అని కూడా అనలేకపోయింది. దానికే కళ్ళు చెమర్చాయి.

సరిగ్గా అప్పుడే నక్క పాపారావు వచ్చాడు. వాసన తగిలితే రావడం వాడికి అలవాటు. వాడికి ఏ పనీ రాదు గానీ, ఏ పని గురించైనా పూటంతా మాట్లాడగలడు.

"అక్కా, ఏం చేతులే నీవి. దిష్టి తీసుకో."

"తగిలేది నీ దిష్టే కదరా. దూరంగా కూర్చో."

"కూర్చుంటాను గానీ, ఇంత కొండని జలపాతం పైదాకా ఎలా పట్టుకెళ్తావు?"

సింగారమ్మ నాలుక కరుచుకుంది. కట్టే ధ్యాసలో పడి మోసే సంగతే మర్చిపోయింది. తట్ట అంచు పట్టుకుని లాగి చూసింది. అది ఒక్క వేలెడు కూడా జరగలేదు.

"జీలుగు చెట్టు మట్ట మీదకెక్కించి నేను లాగుతాను అక్కా," అన్నాడు పాపారావు తేనె కారుతున్న గొంతుతో. "నువ్వు పిల్లలకి నీళ్ళు పోసి, తలలు దువ్వి నెమ్మదిగా రా. తమ్ముడన్నాక ఆ మాత్రం చెయ్యనా?"

వాణ్ణి నమ్మకూడదని సింగారమ్మకి తెలుసు. కానీ ఎండ ఎక్కుతోంది, వేరే దిక్కు లేదు.

"పైన ఒక్క మిరియం కదిలినా నీ తోలు ఒలుస్తాను."

"పైన ఈగని కూడా వాలనివ్వను," అని ఒట్టేశాడు పాపారావు.

ఒట్టు నిలబెట్టుకున్నాడు కూడా. దారిలో జరిగింది సింగారమ్మకి తర్వాత తెలిసింది గానీ, మనం ఇప్పుడే చెప్పేసుకుందాం. వాగు మలుపు తిరగగానే వాడు కొండకి వెనకవైపు ఒక కన్నం పెట్టి, అందులో మూతి దూర్చి, లోపలున్న జున్నంతా జుర్రుకుతిన్నాడు. పైన రెండు వేళ్ళ మందం మాత్రం మిగిల్చాడు. ఒడ్డున బెల్లం జున్ను రంగులోనే ఉన్న బంకమట్టి తెచ్చి లోపల కూరాడు, కన్నం మీద కాస్త జున్ను పూశాడు. పైనున్న చిరుతల్ని ముట్టుకోవడానికి మాత్రం వాడికి ధైర్యం చాల్లేదు, బొమ్మవే అయినా సరే.

సింగారమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళేసరికి అడవంతా తట్ట చుట్టూ మూగి ఉంది. మిగతావాళ్ళు తెచ్చిన తట్టల వంక ఎవరూ చూడ్డం లేదు. రంగనాయకమ్మ బిడ్డని ముందు కాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని ఆ జున్ను చిరుతల్నే చూస్తోంది. ఎదురుగా పాపారావు చేతులు కట్టుకుని వినయంగా నిలబడ్డాడు.

"మూడు రోజులు నిద్ర లేదమ్మగారూ. ప్రతి చిటికెడూ ఈ చేతులతో పెట్టిందే. లోపలా పైనా అంతా నా పనే."

సింగారమ్మ ఒళ్ళు భగ్గుమంది. వాడి గొంతు పట్టుకుందామని ముందుకి ఉరకబోయింది. ఆ క్షణానే అప్పలస్వామి తాత తట్టని నడిమికి లాగాడు. రాయి తగిలి తట్టని గట్టిగా కుదిపినట్టయింది.

జున్ను వణకలేదు.

సింగారమ్మ ఉన్నచోటే ఆగిపోయింది. ఎంత గట్టి జున్నయినా సరే, తట్ట కుదిపితే పొట్టలోంచి చిన్న వణుకు పుట్టి పైదాకా రావాలి. ఇది గోడలా నిలబడి ఉంది. పాపారావు పొట్ట వంక చూసింది. అది మాత్రం బాగా వణుకుతోంది. దానికి విషయమంతా తెలిసిపోయింది.

ఇప్పుడు నాదే అని అరిస్తే, లోపలున్న చెత్త కూడా దానిదే అవుతుంది. ఆ చెత్త చిరుత బిడ్డ నోట్లో పడితే గుహ మాట దేవుడెరుగు, ముగ్గురు పిల్లలతో ఈ అడవిలోనే నిలవనీడ ఉండదు. నోరు మూసుకుంటే గుహ పాపారావు పాలవుతుంది. సింగారమ్మ పిల్లల్ని ఒళ్ళోకి లాక్కుని ఆలోచించింది.

"ఏమ్మా సింగారమ్మా," అన్నాడు అప్పలస్వామి తాత కళ్ళు చికిలించి. ఆయనకి చత్వారం. "నా కంటికి ఇది నీ పనితనంలా ఉందే?"

"నేను కట్టిన జున్ను ఇలా ఉండదు తాతా," అంది సింగారమ్మ మెల్లగా. "తమ్ముడు తనదేనంటున్నాడుగా. మరి కట్టినవాడికి జరగాల్సిన మర్యాద జరిపించండి."

పాపారావు పొంగిపోయాడు. మర్యాద అంటే పూలదండో, పట్టుబట్టో అనుకున్నాడు. పాపం, వాడు ఏ అన్నప్రాశనకీ మొదట్నుంచీ వచ్చినవాడు కాదు. వడ్డన మొదలయ్యాక వచ్చి, అయిపోకముందే కడుపు నింపుకుని వెళ్ళిపోయే రకం. బిడ్డ నోట్లో ముద్ద పెట్టకముందు తట్ట కట్టినవాడు అందరి ఎదటా మూడు ముద్దలు తినాలనీ, అవి తట్ట నడిమి నుంచే తియ్యాలనీ వాడికి తెలియదు.

అప్పలస్వామి తాత పంజా కొండ కడుపులోకి దూర్చి, ఇంత ముద్ద తీశాడు. పాపారావు రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇవాళ ఉపవాసం తాతా," అన్నాడు.

"ఉపవాసం ఎప్పట్నుంచిరా?" అంది సింగారమ్మ. "పొద్దున తిండి వాసనకే నా గుమ్మం దాకా వచ్చావుగా. తిను నాన్నా, మొహమాటపడకు."

రంగనాయకమ్మ కళ్ళు ఇటు తిరిగాయి. పాపారావు నోరు తెరిచాడు.

"ఎలా ఉంది?" అని అడిగింది రంగనాయకమ్మ.

"దివ్యంగా ఉందమ్మగారూ."

"కరకరమంటోందే?"

"కలకండ వేశాను."

రెండో ముద్ద పెట్టారు. వాడి కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి.

"ఏడుస్తున్నావేంట్రా?" అన్నాడు తాత.

"ఆనందం తాతా."

మూడో ముద్ద నోటి దగ్గరికి వచ్చింది. అందులోంచి ఒక నత్త మెల్లగా తల బయటపెట్టి, కొమ్ములు చాచి, పాపారావు ముక్కు తడిమి చూసింది. అంతే, వాడు కుప్పకూలిపోయాడు.

"ఇది నేను కట్టలేదమ్మగారూ. సింగారమ్మ అక్క కట్టింది. లాగింది మాత్రమే నేను."

"మట్టి తగిలేదాకా నీదీ, తగిలాక ఆవిడదీనా?" అంది రంగనాయకమ్మ. గొంతు పెంచలేదు గానీ చెట్టు మీద కోతులు కూడా కదలడం మానేశాయి. "సింగారమ్మా, నువ్వు చెప్పు. ఎవరిదిది?"

"పైనున్నది నాదమ్మగారూ. లోపలున్నది వాడిది. లోపల నేను పెట్టింది వాడి పొట్టలో ఉంది, కావాలంటే కుదిపి చూడండి." సింగారమ్మ కొండ కొమ్ము వైపు చూపించింది. "బాబుకి ఆ కొమ్ము మీదున్న బొమ్మ పెట్టండి. దాని మీద వీడి చెయ్యి పడలేదు. అది మంచి జున్ను. నా పిల్లలకి పెట్టేదాని కంటే శ్రద్ధగా చేశాను."

రంగనాయకమ్మ బిడ్డని వదిలింది. వాడు తప్పటడుగులేసుకుంటూ వెళ్ళి, తనలాగే ఉన్న జున్ను చిరుతని వాసన చూశాడు. ముక్కుకి మిరియం తగిలి తుమ్మాడు. తర్వాత దాని చెవి నాకాడు, ఇంకోసారి నాకాడు, అక్కడే చతికిలబడి చెవి మొత్తం కొరికేశాడు. మూతినిండా జున్ను పూసుకుని తల్లి వంక తిరిగి చూశాడు. అడవంతా నవ్వింది. పాలు తప్ప ఇంకేదీ ఎరగని బిడ్డ మొదటి ముద్ద మింగడం చూసి ఆ తల్లి వాడి మూతి ప్రేమగా నాకింది. తర్వాత సింగారమ్మ వైపు తిరిగింది.

"గుహ నీదే సింగారమ్మా. మంచి రోజూ అదీ అని చూడకు. ఇవాళే పిల్లల్ని తీసుకొచ్చి చేరిపో."

సింగారమ్మ ముగ్గురు పిల్లల్నీ దగ్గరికి హత్తుకుని తృప్తిగా ఏడ్చింది.

రంగనాయకమ్మ పాపారావు వైపు పంజా ఎత్తింది. వాడు తోక ముడిచి నేలకి అంటుకుపోయాడు.

"వదిలెయ్యండమ్మగారూ," అంది సింగారమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "శుభమా అని బిడ్డ అన్నం తింటున్న రోజు. పైగా వాడి శిక్ష వాడు అందరి ఎదటా రెండు ముద్దలు తినేశాడు."

తల్లి చిరుత బొమ్మ తోక దగ్గర చిన్న జున్నుముక్క విరిచి పట్టుకెళ్ళి వాడి ముందు పెట్టింది.

"తిను. నోట్లో మట్టి రుచి పోవాలిగా."

పాపారావు తలెత్తలేదు. ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు చప్పరించాడు. "ఇంత బాగుంటుందని ఇందాక తెలియలేదక్కా, గబగబా మింగేశాను," అన్నాడు చివరికి. "మళ్ళీ ఎప్పుడైనా తట్ట లాగాల్సి వస్తే నన్ను పిలుస్తావా?"

"పిలుస్తాను. నువ్వు ముందు నడు, నేను తట్ట మీద కూర్చుని వస్తాను," అంది సింగారమ్మ.

పరాయివాళ్ళు చేసిన పనిని మొత్తం నాదేనని చెప్పుకునేవాడు, అందులో తాను కలిపిన మట్టిని తానే తినాల్సొస్తుంది.