రెండో తుమ్ము

అనగనగా ఒక చలిరాజ్యం. ఆ రాజ్యాన్ని ఏలిన రాజెవరో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. చలి మాత్రం అందరికీ గుర్తుంది.

ఆ రాజ్యం చివర, తెల్లని కొండ కింద, ఈరమ్మ అనే ఇల్లాలు ఉండేది. ఆమె మగడు కొమరన్న మేకల కాపరి. వారికి సిరి అని ఒక్కతే కూతురు. ఇంకా బొల్లి ఉండేది. బొల్లి అంటే కుక్క. ఒళ్ళంతా నలుపు, మూతి ఒక్కటే తెలుపు.

బొల్లికి ఒక గుణం ఉంది. వదులుగా ఉన్న పొడిమంచు తగిలితే దాని ముక్కు ఊరుకోదు. ఒక్కటంటే ఒక్కటే తుమ్ము తుమ్ముతుంది.

"ఒంటి తుమ్ము అశుభం. కుక్కదైనా అశుభమే" అనేవాడు కొమరన్న. "అది తుమ్మితే కూర్చోవాలి. గుక్కెడు నీళ్ళు తాగాలి. అప్పుడు లేవాలి."

రెండు తుమ్ములైతే శుభమని ఆ దేశపు నమ్మకం. బొల్లి ఏనాడూ రెండు తుమ్మి ఎరగదు.

ఒక శీతకాలం, కొండ మీది కొట్టంలో ఉండగా కొమరన్న కాలు విరిగింది. తోటి కాపరి ఒకడు పడుతూ లేస్తూ దిగివచ్చి ఆ కబురు చెప్పాడు. చలికి అతని కాలివేళ్ళు నల్లబడి ఉన్నాయి.

"గంజికి నూకలున్నాయి వదినా. కట్టెలే లేవు. ఈ రాత్రి పొయ్యి ఆరిందంటే..." అని తల దించుకున్నాడు.

ఈరమ్మ వెంటనే లేచింది. వీపున కట్టెలమోపు ఎత్తుకుంది. నడుముకు కొడవలి దోపుకుంది. కూతుర్ని ఇంట్లో ఉండమంది.

"ఒక్కదానివి ఎన్ని మోస్తావే అమ్మా?" అంటూ సిరి రెండో మోపు ఎత్తుకుంది.

ముగ్గురి నడుములకూ ఒకే తాడు. ముందు బొల్లి, నడుమ సిరి, వెనక ఈరమ్మ.

పక్కింటి ముసలమ్మ గుమ్మంలోంచి నవ్వింది. "కుక్క ముక్కును నమ్ముకుని కొండెక్కుతున్నారటమ్మా!"

"మనుషుల ముక్కులు పక్కింటి కూర వాసనకే పనికొస్తాయి కదా అవ్వా!" అంది సిరి.

ఆ రోజు వాళ్ళు నవ్విన నవ్వు అదొక్కటే.

కొండవాలు మొదట్లోనే బొల్లి తుమ్మింది. తల్లీ కూతురూ కూర్చున్నారు. నీళ్ళు తాగారు. బుడ్డికి మూత పెట్టేలోగా ఎదుటి వాలు మీది మంచంతా ఒక్కసారి కిందికి జారింది. దారి మూసుకుపోయింది. పక్కనుంచి ఎక్కారు.

నడికొండ మీద పొగమంచు కమ్మింది. బొల్లి మళ్ళీ తుమ్మింది.

"ఇలా కూర్చుంటూ పోతే నాన్న దగ్గరికి ఎప్పుడు చేరతామే?" అని సిరి విసుక్కుంది. అయినా కూర్చుంది. పొగమంచు విడిపోయాక చూస్తే, వాళ్ళ కాళ్ళ ముందే నేల చీలి ఉంది. దాని అడుగు కనబడలేదు. సిరి బొల్లి మెడ కావలించుకుంది.

పొద్దు వాలుతుండగా శిఖరం చేరారు. ఎదురుగా, పిలిస్తే పలికేంత దూరంలో, కొమరన్న కొట్టం. కప్పు మీద సన్నగా పొగ.

నడుమ ఒక మంచుగట్టు ఉంది. తుమ్మితే ఊడే ముక్కులా గాలిలోకి పొడుచుకువచ్చి ఉంది. గట్టు దాటితే కొట్టమే. లేదంటే రాళ్ళ కిందుగా చుట్టు తిరిగి పోవాలి.

వాళ్ళు చూస్తుండగానే పొగ ఆగిపోయింది.

అప్పుడే బొల్లి తుమ్మింది.

ఈరమ్మ కూర్చుంది. బుడ్డి వంచింది. నీళ్ళు గడ్డకట్టాయి.

"పొయ్యి ఆరిపోయిందే అమ్మా! లేవే!" సిరి తల్లి చెయ్యి పట్టి లాగింది. తల్లి లేవలేదు. అప్పుడు సిరి మొహం పక్కకు తిప్పుకుని గట్టిగా తుమ్మింది.

"రెండు తుమ్ములు! శుభమే అమ్మా. పద."

పని తప్పించుకోవడానికి దగ్గే దగ్గు, కావాలని తుమ్మే తుమ్ము తల్లికి తెలియవా? ఈరమ్మకు తెలిసింది. కానీ ఆ తుమ్ము ఆమెకూ కావలసి వచ్చింది.

"శుభమే" అంది. లేచింది.

బొల్లి లేవలేదు.

"పదవే బొల్లీ" అంది ఈరమ్మ.

బొల్లి ఆమె మొహంలోకి చూసింది. లేచి ముందు నడిచింది. ఆ ఇంటి మాట అది ఏనాడూ కాదనలేదు.

గట్టు నడిమికి చేరకముందే బొల్లి కాళ్ళ కింద మంచు లేకుండా పోయింది. తాడు బిగిసింది. సిరి బోర్లా పడి అంచు వైపు జారింది. ఈరమ్మ మడమలు మంచులో గుచ్చి పట్టుకుంది.

"లాగమ్మా! దాన్ని లాగు!"

లాగింది. బలం చాలలేదు. సిరి జానెడు జారింది. మరో జానెడు జారింది.

ఈరమ్మ పాకుతూ వెళ్ళి, కూతుర్ని ఒక చేత్తో ఒడిసిపట్టి, రెండో చేత్తో కొడవలి తీసింది.

"వద్దే! వద్దమ్మా!"

కోసింది.

కింద నుంచి ఏ అరుపూ రాలేదు.

తరువాత వాళ్ళు చుట్టుదారినే వెళ్ళారు. కొట్టం చేరేసరికి చీకటి పడింది. కొమరన్న బతికే ఉన్నాడు. పొయ్యిలో నిప్పూ బతికే ఉంది. ఉన్న నాలుగు పుల్లలు తెల్లవార్లూ రావాలని, తానే నిప్పు మీద బూడిద కప్పాడు. అందుకే పొగ ఆగింది.

"బొల్లి ఏదే?" అన్నాడు కొమరన్న. "దానికీ కాస్త గంజి ఉంచాను."

సిరి తండ్రి కాళ్ళ దగ్గర కూలబడింది. "నేనే నాన్నా. నేనే దొంగతుమ్ము తుమ్మాను."

ఈరమ్మ పొయ్యిలో కట్టె పెడుతూ ఉంది. తల తిప్పలేదు.

"తుమ్మింది పిల్ల" అంది. "దొంగదని తెలిసీ లెక్కపెట్టింది నేను."

ఆ గంజి గిన్నె తెల్లవార్లూ పొయ్యి పక్కనే ఉంది. ఎవరూ ముట్టలేదు.

ఆ కొండ కింద ఇప్పటికీ కుక్క తుమ్మితే అందరూ కూర్చుంటారు. రెండో తుమ్ము ఎవరిదైనా లెక్కలోకి రాదు.

అందుకే పిల్లలూ, పిల్లల్ని కన్నవాళ్ళూ, వినండి: మేలు కోరే నోరు ముమ్మారు చెబితే ముమ్మారూ వినాలి, మనకు నచ్చిన శకునాన్ని మనమే తుమ్ముకోకూడదు.